హైబర్నేట్ మొరాయిస్తే ఫార్మాట్ ఎందుకు? మిషన్లోనే ఉన్న పనిముట్ల రివ్యూ

తిరుపతిలో మూత మూసి బ్యాగులో పెట్టిన లాప్‌టాప్ చిత్తూరులో దిగేసరికి అప్పుడే దించిన ఇడ్లీ పాత్రలా కాలుతుంటుంది. 70 కిలోమీటర్లకే బ్యాటరీ సున్నా. ఇదొక రకం. ఇంకో రకంలో హైబర్నేట్ (తెరిచిన పనంతా డిస్క్‌లో దాచి కరెంటు ఆపేసే నిద్ర) నొక్కగానే తెర ఆరిపోతుంది, ఫ్యాను మాత్రం ఆగదు. పవర్ బటన్ గట్టిగా పట్టుకుంటే తప్ప చావదు. మూడో రకం అన్నిటికన్నా టక్కరిది: మిషను చక్కగా లేస్తుంది, తెరిచిన ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, వైఫై మాత్రం మాయం. లేదా టచ్‌ప్యాడ్, లేదా సౌండు. రీస్టార్ట్ కొడితే అన్నీ తిరిగొస్తాయి, మళ్లీ హైబర్నేట్ చేసేదాకా.

ఊళ్లో చాలా కౌంటర్లలో దీనికి మూడు జవాబులే వినబడతాయి: ఫార్మాట్ కొడదాం, ర్యామ్ మార్చి చూద్దాం, బోర్డు పోయినట్టుంది. మూడూ తప్పు అనలేం గానీ మూడూ గుడ్డిదెబ్బలే. ఈ జబ్బు ఎక్కువసార్లు ఒకే ఒక్క పరికరం దగ్గర, దాని డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) దగ్గర ఉంటుంది. ఆ ఒక్కటి ఏదో చెప్పే పనిముట్లు కొన్ని విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ముందే ఉన్నాయి, కొన్ని ఊరికే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఖర్చు లేదు. వాటిలో ఏది నిజంగా పనికొస్తుంది, ఏది వట్టి ఆర్భాటం అన్నదే ఈ రివ్యూ. కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాశాం. మిషన్లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోవాలి. విండోస్ కమాండ్లన్నీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లోనే.

పనిముట్లలోకి వెళ్లేముందు జబ్బు సంగతి కొంచెం తెలియాలి, లేకపోతే అవి చూపించేది అర్థం కాదు. మిషను మొత్తానికి ఎస్0 నుంచి ఎస్5 దాకా స్థితులుంటాయి. ఎస్0 అంటే పూర్తిగా మేల్కొని ఉండటం, ఎస్3 మామూలు నిద్ర, ఎస్4 హైబర్నేట్, ఎస్5 షట్‌డౌన్. ఒక్కో పరికరానికి విడిగా డీ0 నుంచి డీ3 దాకా ఉంటాయి. డీ0 అంటే పని చేస్తోంది. డీ3లో రెండు రకాలు: కరెంటు అందుతూనే పడుకుంటే డీ3హాట్, కరెంటే తీసేస్తే డీ3కోల్డ్. హైబర్నేట్ నొక్కగానే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి పరికరం డ్రైవర్‌కూ కబురు పంపుతుంది: నీ వివరాలు దాచుకో, పడుకో. డ్రైవర్ "సరే, అయింది" అని తిరిగి చెప్పాలి. అందరూ చెప్పాక మెమరీ మొత్తం డిస్క్‌లోకి రాసి కరెంటు కట్ చేస్తుంది. ఒక్క డ్రైవర్ జవాబివ్వకుండా కూర్చున్నా బండి అక్కడే ఆగుతుంది. పంక్తిలో ఒక్కరు లేవకపోతే రెండో పంక్తికి ఆకులు వేయలేనట్టు.

లేచేటప్పుడు ఇంకో చిక్కు. మామూలు నిద్రలో చాలా పరికరాలకు కాస్తో కూస్తో కరెంటు అందుతూనే ఉంటుంది. హైబర్నేట్‌లో అది ఉండదు. వైఫై కార్డు తన ఫర్మ్‌వేర్‌ను (కార్డు లోపల నడిచే ప్రోగ్రామును) తన సొంత మెమరీలో పెట్టుకుంటుంది, కరెంటు పోతే అది తుడిచిపెట్టుకుపోతుంది. డ్రైవర్ దాన్ని మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. ఎక్కించకుండా "నువ్వు పడుకునే ముందు ఎలా ఉన్నావో అలాగే ఉన్నావుగా" అనుకుని పని మొదలుపెడితే కార్డు పలకదు. అందుకే "స్లీప్ బాగానే ఉంది, హైబర్నేటే పోయింది" అన్న మాట వింటే బోర్డు మీద అనుమానం తగ్గి డ్రైవర్ మీద పెరగాలి.

తొందర కూడా ఒక జబ్బే. పీసీఐ (లోపలి కార్డులను బోర్డుకు కలిపే దారి) ప్రమాణం ప్రకారం డీ3హాట్ నుంచి డీ0కి వచ్చిన పరికరానికి తేరుకోవడానికి 10 మిల్లీసెకన్లు ఇవ్వాలి. ఈలోపే డ్రైవర్ దాని రిజిస్టర్ (పరికరంలో స్థితి రాసి ఉండే గడి) చదివితే జవాబుగా అన్నీ ఒకట్లే వస్తాయి, అంటే ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వరస. డ్రైవర్ దాన్ని నిజమైన విలువ అనుకుంటే గందరగోళం, పరికరం ఊడిపోయిందనుకుంటే అసలుకే మాయం. పదిసార్లలో రెండుసార్లే వచ్చే లోపాలు చాలావరకు ఈ జాతివే.

ఇక మొదటి పనిముట్టు, విండోస్‌లోనే ఉన్న కమాండ్ పవర్‌సీఎఫ్‌జీ. "పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ" అని కొడితే ఈ మిషన్లో ఏయే నిద్రలు ఉన్నాయో, లేనివి ఎందుకు లేవో చెబుతుంది. హైబర్నేట్ మెనూలోనే కనబడటం లేదనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. "హైబర్నేషన్ ఎనేబుల్ చేయలేదు" అంటే "పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆన్" చాలు. "హైబర్‌ఫైల్ రకం హైబర్నేట్‌కు సరిపోదు" అంటే ఎవరో సీ డ్రైవ్‌లో చోటు కోసం ఆ ఫైలును (మెమరీని దాచే ఫైలు) రెడ్యూస్‌డ్ రకానికి మార్చారన్నమాట. ఆ రకం ఫాస్ట్ స్టార్టప్‌కు (షట్‌డౌన్ తర్వాత త్వరగా లేచే ఏర్పాటు) మాత్రమే పనికొస్తుంది. "పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ స్లాష్ టైప్ ఫుల్" అంటే మళ్లీ పూర్తి రకం వస్తుంది. పూర్తి రకం మామూలుగా ర్యామ్‌లో 40 శాతం తీసుకుంటుంది: 16 జీబీ ర్యామ్ ఉంటే 6.4 జీబీ. రెడ్యూస్‌డ్ అయితే 20 శాతం. సీ డ్రైవ్ ఎర్రగా నిండి ఉన్న మిషన్లలో ఇది గుర్తుంచుకోవాలి. ఇన్ని చేసినా మెనూలో రాకపోతే కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీకి వెళ్లి, పైన బూడిద రంగు టిక్కులను తెరిచే లింకు నొక్కి హైబర్నేట్‌కు టిక్ పెట్టాలి.

పవర్‌సీఎఫ్‌జీ ఇంకో మంచి పని, తనంతట తాను లేచే మిషన్ల సంగతి తేల్చడం. "స్లాష్ లాస్ట్‌వేక్" కిందటిసారి ఎవరు లేపారో చెబుతుంది. "స్లాష్ డివైస్‌క్వెరీ వేక్ అండర్‌స్కోర్ ఆర్మ్‌డ్" లేపే హక్కు ఎవరెవరికి ఉందో జాబితా ఇస్తుంది. అందులో ఎక్కువగా మౌసు, కీబోర్డు, నెట్‌వర్క్ కార్డు కనబడతాయి. అక్కర్లేని దానికి "స్లాష్ డివైస్‌డిసేబుల్‌వేక్" తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య దాని పేరు. "స్లాష్ వేక్‌టైమర్స్" అలారం పెట్టుకున్న ప్రోగ్రాములను పట్టిస్తుంది.

బ్యాగులో కాలిపోయే లాప్‌టాప్ కథ వేరు. కొత్త మిషన్లలో చాలావాటికి ఎస్3 నిద్రే లేదు. దాని బదులు ఎస్0లోనే ఉంటూ తక్కువ కరెంటుతో కునుకు తీసే మోడరన్ స్టాండ్‌బై ఉంటుంది. స్లాష్ ఏ జవాబులో అది కనబడితే, మూత మూసినప్పుడు స్లీప్ బదులు హైబర్నేట్ అని పెట్టేయడమే మందు. "పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఛేంజ్ హైబర్నేట్ హైఫన్ టైమౌట్ హైఫన్ డీసీ 30" అంటే బ్యాటరీ మీద 30 నిమిషాలు ఊరికే ఉన్నా హైబర్నేట్‌లోకి పోతుంది. మోడరన్ స్టాండ్‌బైలో రాత్రంతా బ్యాటరీ తిన్నది ఎవరో చూడాలంటే "స్లాష్ స్లీప్‌స్టడీ" ఒక వెబ్‌పేజీ రిపోర్టు ఇస్తుంది. బాగుంటుంది. "స్లాష్ ఎనర్జీ" మాత్రం మాకు నచ్చలేదు. 60 సెకన్లు గమనించి పొడవాటి రిపోర్టు, నిండా ఎర్ర గళ్లు ఇస్తుంది. వాటిలో సగం ఆరోగ్యంగా ఉన్న మిషన్లోనూ వచ్చేవే. కొత్తవాళ్లు దాన్ని చూసి భయపడి అన్నీ మార్చేస్తారు.

పవర్‌సీఎఫ్‌జీతో అసలు ఇబ్బంది: ఏముందో చెబుతుంది, ఎవరు లేపారో చెబుతుంది, ఎవరు పడుకోలేదో మాత్రం చెప్పదు.

దానికి ఈవెంట్ వ్యూయర్ దగ్గరికి వెళ్లాలి. చూడటానికి మహా విసుగు, కానీ నాలుగు నంబర్లు తెలిస్తే చాలు. విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిచి, ఫిల్టర్‌లో 1, 27, 41, 42 అని పెట్టండి. కెర్నెల్ పవర్ 42 అంటే నిద్రలోకి బయలుదేరింది. పవర్ ట్రబుల్‌షూటర్ 1 అంటే లేచింది, దాంట్లోనే పడుకున్న సమయం, లేచిన సమయం, లేపినది ఎవరు అన్నీ ఉంటాయి. 42 ఉండి తర్వాత 1 లేకుండా 41 వస్తే దారిలో పడిపోయింది. ఆ 41 తెరిచి డిటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ అనే గడి చూడండి. అక్కడి అంకె మామూలు దశాంశ లెక్కలో ఉంటుంది. 159 అని ఉంటే, పదహారు లెక్కలో 9ఎఫ్: డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్. అంటే ఒక డ్రైవర్ తనకొచ్చిన పవర్ కబురును పట్టుకుని వదల్లేదని విండోసే ఒప్పుకుంది. ఇంతకన్నా తేటగా ఏ కౌంటరూ చెప్పలేదు. సున్నా ఉంటే నీలి తెర (విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చేది) రాలేదు: గడ్డకట్టడమో, కరెంటు తెగిపోవడమో, బటన్ పట్టుకుని చంపడమో. ఆ మూడో సంగతి తేల్చడానికి పక్కనే పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అనే గడి ఉంది. సున్నా కాని అంకె ఉంటే బటనే.

కెర్నెల్ బూట్ 27 అనేది చిన్నదే గానీ బంగారం. అందులో బూట్ టైపు ఉంటుంది: 0 అయితే నిజమైన బూట్, 1 అయితే ఫాస్ట్ స్టార్టప్, 2 అయితే హైబర్నేట్ నుంచి లేవడం. "షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే వైఫై రాదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది" అనే ఫిర్యాదు చాలామందిని తికమక పెడుతుంది. కారణం ఇదే. విండోస్ 8 నుంచీ షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు. తెరిచిన ప్రోగ్రాములు మూసి, కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను) మాత్రం హైబర్నేట్ చేస్తుంది. డ్రైవర్ల దృష్టిలో అదీ ఎస్4 ప్రయాణమే. రీస్టార్ట్‌లో మాత్రం అన్నీ మొదటి నుంచి లోడవుతాయి. కాబట్టి హైబర్నేట్ ఎప్పుడూ వాడను, నాకెందుకు ఈ గొడవ అనే వాళ్లకూ ఈ గొడవ ఉంటుంది. పరీక్ష చిన్నదే: షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అది పూర్తి షట్‌డౌన్. అలా చేసినప్పుడు వైఫై వస్తే, వట్టి షట్‌డౌన్‌లో పోతే, దోషి డ్రైవర్ పవర్ స్థితే. ఫాస్ట్ స్టార్టప్ ఆపేస్తే ఆ లక్షణం పోతుంది గానీ హైబర్నేట్ చేసినప్పుడు మళ్లీ బయటపడుతుంది. మందు కాదది, పైపూత.

159 దొరికాక డ్రైవర్ పేరు కావాలి. దానికి విండీబీజీ అనే డీబగ్గర్ (కుప్పకూలిన కారణం వెతికే పనిముట్టు), మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఊరికే దొరుకుతుంది. నీలి తెర వచ్చినప్పుడు సీ డ్రైవ్, విండోస్ ఫోల్డర్, మినీడంప్ అనే చోట చిన్న ఫైలు పడుతుంది. దాన్ని తెరిచి "ఆశ్చర్యార్థకం ఎనలైజ్ హైఫన్ వీ" కొట్టాలి. మొదటిసారి ఇంటర్నెట్ నుంచి సింబల్స్ (విండోస్ లోపలి పేర్ల పట్టికలు) దించుకుంటుంది, కాసేపు పడుతుంది. కింద ఇమేజ్ నేమ్ అని ఒక పేరు చూపిస్తుంది. చాలామంది అక్కడే తప్పు చేస్తారు. అక్కడ తరచూ పీసీఐ డాట్ సిస్ అనో కెర్నెల్ పేరో ఉంటుంది. అది దొంగ కాదు, దొంగను చూసిన వాచ్‌మన్. సరిగా చదవాలంటే పైకి వెళ్లి నాలుగు ఆర్గ్యుమెంట్లు చూడాలి. మొదటిది 3 అయితే, ఒక పరికరం పవర్ కబురును మరీ ఎక్కువసేపు పట్టుకుంది. రెండోది ఆ పరికరం చిరునామా, నాలుగోది ఇరుక్కుపోయిన కబురు చిరునామా. "ఆశ్చర్యార్థకం డెవ్‌స్టాక్" తర్వాత రెండో చిరునామా కొడితే ఆ పరికరం మీద ఒకదానిపై ఒకటి కూర్చున్న డ్రైవర్లన్నీ కనబడతాయి. "ఆశ్చర్యార్థకం ఐఆర్‌పీ" తర్వాత నాలుగో చిరునామా కొడితే ఆ కబురు ఏ మెట్టు మీద ఆగిందో ఒక చిన్న బాణం గుర్తు చూపిస్తుంది. బాణం పక్కన ఉన్న పేరే మనకు కావలసింది. అది వైఫై డ్రైవరో, కార్డ్ రీడరో, యూఎస్‌బీకి తగిలించిన పాత ప్రింటరో, యాంటీవైరస్ పెట్టిన ఫిల్టర్ డ్రైవరో కావచ్చు.

మినీడంప్‌లో సరిపడా సమాచారం లేక ఐఆర్‌పీ కమాండ్ బిక్కమొహం వేయడం మామూలే. అప్పుడు సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీలో కెర్నెల్ మెమరీ డంప్ ఎంచుకుని, లోపం మళ్లీ వచ్చేదాకా ఆగాలి. ఫైలు పెద్దది గానీ విండోస్ వైపు ఇంతకు మించిన సాక్ష్యం లేదు. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది. బీటెక్ మూడో ఏడు పిల్లలకు ల్యాబ్‌లో నేర్పదగ్గ పని.

డివైస్ మేనేజర్ సంగతి క్లుప్తంగా. పరికరం ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్, "కరెంటు పొదుపుకు ఈ పరికరాన్ని ఆపుకోవచ్చు" అనే టిక్. దాన్ని తీసేస్తే తగ్గుతుందని ఇంటర్నెట్ నిండా రాసి ఉంటుంది. మిషను మేల్కొని ఉన్నప్పుడు ఖాళీగా ఉన్న పరికరాన్ని పడుకోబెట్టే విషయం అది. హైబర్నేట్‌లో కరెంటు ఎలాగూ పోతుంది, టిక్ ఏమీ ఆపలేదు. కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా, ఎందుకంటే అప్పటికే పడుకుని ఉన్న పరికరాన్ని మళ్లీ పడుకోమన్నప్పుడు తడబడే డ్రైవర్లు ఉన్నాయి. ఈ ట్యాబ్ కన్నా పక్కనున్న డ్రైవర్ ట్యాబ్‌లోని రోల్‌బ్యాక్ బటన్ (పాత డ్రైవర్‌ను తిరిగి తెచ్చేది) ఎక్కువ మేలు చేస్తుంది. విండోస్ అప్‌డేట్ తర్వాత మొదలైన జబ్బయితే ముందు అదే నొక్కండి. అది బూడిద రంగులో ఉంటే లాప్‌టాప్ తయారీదారు సైట్‌లో మీ మోడల్ నంబర్‌కు ఇచ్చిన డ్రైవర్‌నే వేయండి, ముఖ్యంగా చిప్‌సెట్, మేనేజ్‌మెంట్ ఇంజిన్, గ్రాఫిక్స్. డ్రైవర్ ప్యాక్ సాఫ్ట్‌వేర్లతో గంపగుత్తగా ఎక్కించేది మానుకోండి. వైఫై బాగుపడి కార్డ్ రీడర్ చెడుతుంది.

మార్చాక బాగయిందని ఒక్కసారి చూసి నమ్మకూడదు. విండోస్ డ్రైవర్ కిట్‌లో పీడబ్ల్యూఆర్‌టెస్ట్ అని ఒకటుంది. "పీడబ్ల్యూఆర్‌టెస్ట్ స్లాష్ స్లీప్ స్లాష్ సీ కోలన్ 10 స్లాష్ డీ కోలన్ 90 స్లాష్ పీ కోలన్ 60 స్లాష్ ఎస్ కోలన్ 4" అంటే 90 సెకన్ల విరామం ఇస్తూ, ఒక్కోసారి 60 సెకన్లు హైబర్నేట్‌లో ఉంచి, మొత్తం 10 సార్లు తానే పడుకోబెట్టి తానే లేపుతుంది. ఆగే సమయమే 25 నిమిషాలు, రాయడం లేవడం అదనం. టీ తాగి రావచ్చు. కిట్ పెద్దది, ఇంట్లో ఒక్క మిషను కోసం దించడం దండగ. షాపు నడిపేవాళ్ల దగ్గర మాత్రం ఉండి తీరాలి, "రిపేరు అయింది" అన్న మాటకు అర్థం వచ్చేది దీంతోనే.

లినక్స్ వైపు పరిస్థితి తిరగబడుతుంది. ఉబుంటులో హైబర్నేట్ మామూలుగా ఆపే ఉంచుతారు, ఆన్ చేసుకోవడం ఒక యజ్ఞం. స్వాప్ (మెమరీని రాసుకునే డిస్క్ భాగం) చోటు ఉండాలి. ఎక్కడి నుంచి లేవాలో రెజ్యూమ్ అనే కెర్నెల్ పారామీటర్‌లో చెప్పాలి. స్వాప్ ఫైలు వాడితే రెజ్యూమ్ ఆఫ్‌సెట్ కూడా, దాన్ని "ఫైల్‌ఫ్రాగ్ హైఫన్ వీ" చూపించే మొదటి ఫిజికల్ ఆఫ్‌సెట్ నుంచి తీసుకోవాలి. తర్వాత గ్రబ్ (లినక్స్‌ను బూట్ చేసేది), ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) రెండూ అప్‌డేట్ చేయాలి. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే కాపలా) ఆన్‌లో ఉంటే కెర్నెల్ లాక్‌డౌన్ హైబర్నేట్‌ను ఒప్పుకోదు. ఇన్ని ఆటంకాలు దాటాక ఇక్కడ దొరికే పరీక్ష సాధనం మాత్రం విండోస్‌లో ఎక్కడా లేదు.

దాని పేరు పీఎం అండర్‌స్కోర్ టెస్ట్. సిస్ కింద పవర్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు. రూట్‌గా (లినక్స్ అడ్మినిస్ట్రేటర్‌గా) దాంట్లో ఒక మెట్టు పేరు రాసి, తర్వాత అదే ఫోల్డర్‌లోని స్టేట్ అనే ఫైలులో "డిస్క్" అని రాస్తే, హైబర్నేట్ అంతా చేయకుండా ఆ మెట్టు వరకే వెళ్లి, 5 సెకన్లు ఆగి, వెనక్కి వస్తుంది. మెట్లు ఐదు: ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్. ఫ్రీజర్‌లో పడిపోతే ఏదో ప్రోగ్రాము ఆగనంటోంది. డివైసెస్‌లో పడిపోతే డ్రైవర్. ప్లాట్‌ఫామ్‌లో అయితే బయోస్ (బోర్డు సొంత ప్రోగ్రాము) వైపు అనుమానం. ఒక్కో మెట్టు నాలుగైదు సార్లు నడపాలి, ఒక్కసారి దాటితే దాటినట్టు కాదు. ఈ ఫైలే లేకపోతే ఆ కెర్నెల్‌ను డీబగ్ ఎంపిక లేకుండా కట్టారన్నమాట.

డివైసెస్ దగ్గర ఆగిందనుకుందాం. "ఎల్ఎస్‌మాడ్" కొడితే లోడైన మాడ్యూళ్ల (లినక్స్‌లో డ్రైవర్ల రూపం) జాబితా వస్తుంది. తీయగలిగిన వాటిలో సగం "మాడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్"తో తీసేసి మళ్లీ పరీక్షించండి. దాటితే దొంగ తీసేసిన సగంలో ఉంది, దాటకపోతే మిగిలిన సగంలో. 32 మాడ్యూళ్లున్నా ఐదు విడతల్లో ఒక్కటే మిగులుతుంది. విడతకు రెండు నిమిషాలు వేసుకున్నా పది నిమిషాల పని. ఈ సగం సగం పద్ధతి కోసమైనా, విండోస్ మిషన్లలో కూడా ఒక లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి డివైసెస్ మెట్టు నడిపి చూడటం మంచి అలవాటు. ఆ మెట్టుకు స్వాప్‌లోకి నిజంగా రాయాల్సిన పనిలేదు. అక్కడ అన్ని పరికరాలూ పడుకుని లేస్తే హార్డ్‌వేర్ మీద అనుమానం బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు, ఎందుకంటే కరెంటు నిజంగా తెగే ఘట్టం ఈ పరీక్షలో రాదు.

పరీక్షలన్నీ దాటి, నిజంగా హైబర్నేట్ చేస్తేనే చచ్చేది ఉంటే, అదే ఫోల్డర్‌లోని డిస్క్ అనే ఫైలులో "రీబూట్" అని రాయండి. మెమరీ రాసేశాక ఆపడం బదులు రీబూట్ చేసి, ఆ రాసిన మెమరీ నకలులోంచే లేస్తుంది. అది బాగుంటే "షట్‌డౌన్", అదీ బాగుంటే "ప్లాట్‌ఫామ్". మొదటి రెండూ నడిచి మూడోది పడిపోతే తప్పు బయోస్‌లోని ఏసీపీఐ పట్టికలది (పవర్ సంగతులు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పేవి). బయోస్ అప్‌డేట్ చూడండి, లేకపోతే షట్‌డౌన్ పద్ధతిలోనే ఉంచేసుకోండి, రోజువారీ వాడకంలో తేడా తెలియదు.

లేచాక "డీమెస్గ్" (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) జవాబులో "అనేబుల్ టు ఛేంజ్ పవర్ స్టేట్ ఫ్రమ్ డీ3కోల్డ్ టు డీ0, డివైస్ ఇనాక్సెసిబుల్" అన్న వరుస కనబడితే, ముందు చెప్పిన ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ కథే. పరికరం పిలిస్తే పలకలేదు. ఆ వరుస మొదట్లో పరికరం చిరునామా ఉంటుంది, అది పట్టుకుని సిస్ ఫోల్డర్‌లో బస్, పీసీఐ, డివైసెస్ కింద దాని ఫోల్డర్‌కు వెళ్లండి. పవర్ అండర్‌స్కోర్ స్టేట్ ఫైలు ఇప్పటి స్థితి చూపిస్తుంది. డీ3కోల్డ్ అండర్‌స్కోర్ అలవ్‌డ్‌లో 0 రాస్తే, మిషను నడుస్తుండగా దానికి పూర్తిగా కరెంటు తీయడం ఆగుతుంది. పవర్ ఫోల్డర్‌లోని కంట్రోల్ ఫైలులో "ఆటో" బదులు "ఆన్" అని రాసి హైబర్నేట్ చేసి చూడండి. జబ్బు మాయమైతే సంగతి తేలింది: ఖాళీగా ఉన్నందుకు ముందే పడుకున్న పరికరం అది. లేచే దారిలో బూట్ కెర్నెల్ (దాచిన మెమరీని తిరిగి ఎక్కించడానికి మొదట లేచేది) దాన్ని ఒకసారి ముట్టుకుని వెళ్లింది. డ్రైవర్ పుస్తకంలో ఒక స్థితి రాసి ఉంది, పరికరం ఇంకో స్థితిలో ఉంది. డ్రైవర్ సరిదిద్దేదాకా ఆ "ఆన్" ఒక యూడెవ్ నియమంలో (పరికరం కనబడగానే లినక్స్ అమలు చేసే నియమం) పెట్టుకుంటే సరిపోతుంది.

డ్రైవర్ బాగుపడే ఆశ లేని వైఫై కార్డులకు మోటు వైద్యం ఒకటుంది. యూఎస్ఆర్, లిబ్, సిస్టమ్‌డీ, సిస్టమ్ హైఫన్ స్లీప్ ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్టు పెట్టి ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వాలి. దానికి మొదటి మాటగా "ప్రీ" వస్తే మాడ్యూల్ తీసేయాలి, "పోస్ట్" వస్తే మళ్లీ వేయాలి. అందంగా ఉండదు, పనిచేస్తుంది. ఎన్‌విడియా కార్డున్న మిషన్లలో లేచాక తెర చెదిరిపోతే మాత్రం ఇది కుదరదు. అక్కడ "ఎన్‌వీరెగ్ ప్రిజర్వ్ వీడియో మెమరీ అలొకేషన్స్" విలువ 1 చేసి, ఎన్‌విడియా హైబర్నేట్, ఎన్‌విడియా రెజ్యూమ్ సర్వీసులు ఆన్ చేయాలి. గ్రాఫిక్స్ మెమరీని దాచే తాత్కాలిక ఫైలు మామూలుగా టెంప్ ఫోల్డర్‌లోకి పోతుంది. మీ మిషన్లో అది ర్యామ్‌లోనే ఉంటే ఆ దారిని వార్ కింది టెంప్‌కు మార్చాలి.

డెస్క్‌టాప్‌లకు ఒక మాట. కత్తిరి ఎండల్లో కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద హైబర్నేట్ చేయించాలనుకునే వాళ్లు యూపీఎస్ యూఎస్‌బీ తీగను తగిలించాలి. ప్రమాణాన్ని పాటించే యూపీఎస్ అయితే విండోస్ దాన్ని బ్యాటరీగా గుర్తిస్తుంది, పవర్ ఆప్షన్స్‌లో క్రిటికల్ బ్యాటరీ చర్యకు హైబర్నేట్ పెట్టుకోవచ్చు. పాత హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ రాస్తే 6.4 జీబీకి నిమిషం పైనే. కాబట్టి క్రిటికల్ శాతం 5 దగ్గర వదిలేయకుండా 10కి పెంచండి. పాత యూపీఎస్ చివరి శాతాలు చెప్పినంత సేపు నిలవవు.

ఇన్నీ చూశాక మా మొగ్గు: లక్షణం తేల్చడానికి ఈవెంట్ వ్యూయర్, పేరు పట్టడానికి విండీబీజీ, అనుమానం తీర్చుకోవడానికి లినక్స్ పీఎం టెస్ట్. పవర్‌సీఎఫ్‌జీ మొదటి ఐదు నిమిషాలకు. డివైస్ మేనేజర్ రోల్‌బ్యాక్ కోసం.

ఇంత చేసే ఓపిక లేక కౌంటర్‌కే తీసుకెళ్తే, "హైబర్నేట్ రావట్లేదు" అని వదిలేయకండి. 41లోని బగ్‌చెక్ అంకె, బూట్ టైపు, ఏ పరికరం మాయమైందో ఒక కాగితం మీద రాసివ్వండి. బయోస్ అప్‌డేట్ చేస్తామంటే ఛార్జర్ తగిలించే చేయమనండి. తిరిగి తీసుకునేటప్పుడు వాళ్ల ఎదురుగానే మూడుసార్లు హైబర్నేట్ చేసి లేపండి. అందులో ఒకసారి ఛార్జర్ తీసేసి, ఒకసారి మీరు రోజూ తగిలించే ప్రింటరో వేలిముద్ర మిషనో తగిలించి. అన్నిటికన్నా ముందు, మిషను వాళ్ల చేతికిచ్చేటప్పుడు షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేసి ఇవ్వండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న మిషను ఆఫ్ అయినట్టు కనబడినా కెర్నెల్ డిస్క్‌లో పడుకునే ఉంటుంది. ఆ స్థితిలో డిస్క్ తీసి ఇంకో మిషన్లో పెట్టి ఫైళ్లు రాస్తే, లేచినప్పుడు పాత లెక్కకూ మారిన డిస్క్‌కూ పొంతన కుదరక ఫైల్ సిస్టమ్ పాడవచ్చు. లినక్స్‌లో ఆ డిస్క్ తెరవబోతే "విండోస్ ఈజ్ హైబర్నేటెడ్, రిఫ్యూజ్‌డ్ టు మౌంట్" అని అడ్డుపడేది అందుకే. బలవంతంగా మౌంట్ చేసే ఎవరికీ డిస్క్ ఇవ్వకండి.